పసుపు పోయి జీలకర్ర వచ్చిన తొవ్వ

తెలంగాణ రాష్ట్రం ఇంకా రాని రోజులు. సిరిసిల్లలో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోతున్న ఏళ్లవి. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. నేను అప్పుడు కోరుట్లలో, బస్టాండుకు దగ్గరగా ఒక టైర్ల దుకాణం పైనున్న గదిలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నడిపేదాన్ని. సరుకున్నవాడికి లారీ వెతికి పెట్టడం, లారీ ఉన్నవాడికి సరుకు వెతికి పెట్టడం మా పని. ఈ పనిని బుకింగ్ అంటారు. వినడానికి తేలిక. చేస్తేగానీ తెలియదు.

మాది రాయికల్ దగ్గర గౌండ్ల ఇల్లు. నాన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు. నేను ఇంటర్ అయ్యాక ఈ ఆఫీసులోనే గుమస్తాగా చేరాను. ఆఫీసు పెట్టిన పెద్దాయన వయసు మీద పడి తప్పుకున్నాక దాన్ని నేనే నడపసాగాను. మా ఆయన మస్కట్‌లో కట్టడాల పనిలో ఉండేవాడు. ఆయన పంపిన డబ్బుతో, మిగతాది ఫైనాన్స్ తీసుకుని ఒక లారీ కొన్నాం. అంటే మా ఆయన ఎండలో గడిపిన ఏళ్లన్నీ ఆ పది టైర్ల మీద నిలబడి ఉన్నాయి. ఆ లారీకి ఖాళీ రోజు వచ్చిందంటే నాకు అన్నం సహించేది కాదు.

ఒకరోజు సిరిసిల్ల నుంచి సత్తయ్య కాకా వచ్చాడు. ఆయన ఆసామి. సొంతంగా కొన్ని సాంచాలు పెట్టుకుని, నలుగురికి పని ఇచ్చి, తాను కూడా వాళ్ల పక్కనే నిలబడి నేసే మనిషి. అంతకుముందు రెండు మూడుసార్లు ఆయన బట్టను హైదరాబాద్‌కు మా ద్వారా పంపించాడు. ఆ రోజు కూర్చోమన్నా కూర్చోలేదు. చాలాసేపు తలుపు దగ్గరే నిలబడి మాట్లాడాడు.

సంగతి ఇది. హైదరాబాద్ వ్యాపారులు గ్రే క్లాత్‌ను, అంటే సాంచా మీద నుంచి దిగిన రంగు వేయని బట్టను, నూలు ఖర్చు కూడా రాని ధరకు అడుగుతున్నారు. ఆ బట్ట చివరికి రంగు పడటానికి పోయేది రాజస్థాన్‌లోని బాలోత్రాకే. అక్కడ బట్టకు రంగు వేసే ఒక ప్రాసెస్ హౌస్ వాళ్లు, నేరుగా మీరే పంపితే మంచి ధర ఇస్తాం, కానీ ప్రతి నెలా తప్పకుండా సరుకు రావాలి అన్నారట. సత్తయ్య కాకా ఇంకొందరు ఆసాములను కూడగట్టాడు. బట్ట సిద్ధంగా ఉంది. కానీ అడిగిన ప్రతి లారీవాడూ రెండు దిక్కుల కిరాయి అడుగుతున్నాడు. అలా ఇస్తే మిగిలేదేమీ లేదు.

"మా గల్లీల ఇండ్లకు తాళాలు పడుతున్నయి బిడ్డా," అన్నాడాయన. "భీవండి పోయినోళ్లు పోయిండ్రు. పోలేనోళ్ల సంగతి పేపర్ల చూస్తనే ఉన్నవు. గీ బట్ట పోతే నా సాంచాలు నడుస్తయి. లేకుంటే నేను గూడ తాళమేసుడే."

భీవండి మహారాష్ట్రలో సాంచాల ఊరు. పేపర్లలో వచ్చేవి అక్కడికి కూడా పోలేని నేతవాళ్ల ఆత్మహత్యలు. వారం రోజులు ఆగమని చెప్పి పంపించాను.

రెండు దిక్కుల కిరాయి ఎందుకు అడుగుతారో చెప్పాలి. లారీ సరుకు వేసుకుని పోయినప్పుడు సంపాదిస్తుంది, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఆ సంపాదనను తాగేస్తుంది. అందుకే తిరుగు ప్రయాణానికి సరుకు, అంటే రిటర్న్ లోడు, వెతుక్కుంటాం. బాలోత్రాలో రంగు వేసిన బట్ట బోలెడంత బయటికి పోతుంది. కానీ దాన్ని మోసేది అక్కడి లారీల వాళ్లే. బయటివాడికి ఒక్క బేలు, అంటే ఒక్క బట్టమూట కూడా దొరకదు. కాబట్టి మన లారీ ఎడారి అంచు దాకా పోయి ఖాళీగా దేశం సగం దాటి తిరిగి రావాలి.

గోడకున్న రోడ్ల మ్యాపును దించి బల్ల మీద పరుచుకున్నాను. ఎటు చూసినా వెనక్కి తిరగడం తప్ప దారి కనిపించలేదు. తెలిసిన ఆఫీసులన్నిటికీ ఫోన్లు చేశాను. అహ్మదాబాద్ దాకా ఖాళీగా వస్తే అక్కడేదైనా దొరకవచ్చన్నారు. ఆ 'దొరకవచ్చు'ను నమ్ముకుని ఒక లారీని పంపలేం.

దారి చూపించింది మా ఊరి పసుపే. కోరుట్ల, మెట్‌పల్లి, ఇబ్రహీంపట్నం చుట్టూ పండే పసుపు నిజామాబాద్ మార్కెట్‌కు పోతుందని అందరికీ తెలుసు. ఆ తర్వాత ఎక్కడికి పోతుందో నేనెప్పుడూ అడగలేదు. ఈసారి అడిగాను. మా పసుపు వ్యాపారి ఒకాయన, రాజస్థాన్‌లోనే బార్మేర్ అవతల ఒక మండీలోని, అంటే పంటల మార్కెట్‌లోని సేటు ఏటా తన దగ్గర పసుపు కొంటాడని, నాలుగు చేతులు మారి పోవడంతో అది ఆలస్యమవుతుందని చెప్పాడు. ఆ సేటు ఏం అమ్ముతాడని అడిగాను. జీలకర్ర అన్నాడు. అక్కడి ఇసుక నేలల్లో పండేది అదేనట.

మళ్లీ మ్యాపు ముందు కూర్చున్నాను. గుజరాత్ దాటగానే సాంచోర్ అనే ఊరుంది. అక్కడి నుంచి ఒక రోడ్డు బాలోత్రాకు, ఇంకోటి బార్మేర్‌కు పోతున్నాయి. బాలోత్రాకూ బార్మేర్‌కూ మధ్య మూడో రోడ్డు ఉంది. పోయిన దారినే తిరిగి రావాలని ఎవరన్నారు? మా పసుపునూ సిరిసిల్ల బట్టనూ ఒకే లారీలో ఎక్కించి, బట్టను బాలోత్రాలో దించాలి. లారీలో మిగిలిన పసుపుతో ఎడారిలోకి ఇంకా ముందుకు పోవాలి. మండీలో పసుపు దించి జీలకర్ర ఎత్తుకుని బార్మేర్ మీదుగా సాంచోర్‌కు దిగాలి. దూరం పెరుగుతుంది. కానీ ఆ మొత్తం దారిలో లారీ దాదాపు ఎక్కడా ఖాళీగా తిరగదు.

లాభం కోసం లారీని ఇసుకలోకి ఇంకా లోపలికి పంపిస్తానంటే తోటి ఆఫీసువాళ్లు నవ్వారు. మండీ సేటుకు ఫోన్ చేస్తే ఆయన నవ్వలేదు గానీ, మాట కరుకుగా ఉంది. మా దక్కనీ హిందీ ఆయనకూ, ఆయన మార్వాడీ హిందీ నాకూ సగం సగమే అర్థమయ్యాయి. చివరికి ఒప్పుకున్నాడు. పసుపు ఫలానా రోజు సాయంత్రంలోపు తన గోదాముకు చేరాలి. చేరితే నిజామాబాద్‌కు పంపే జీలకర్ర ఎత్తిస్తాడు. చేరకపోతే ఆ జీలకర్ర వేరే లారీకి పోతుంది.

సత్తయ్య కాకాకు చెబితే ఆయన ముఖం మాడిపోయింది. తెల్ల బట్ట పక్కన పసుపా? ఒక్క బేలుకు మరకంటినా మొదటి సరుకునే తిప్పి పంపుతారని ఆయన భయం. భయం నిజమైనదే. బట్ట ముందు దిగాలి కాబట్టి వెనక ఉండాలి. పసుపు తర్వాత దిగాలి కాబట్టి క్యాబిన్ వైపు ఉండాలి. నడుమ చెక్కలు నిలబెట్టి, వాటికి రెండు వైపులా తాడపత్రి కట్టించాను. పసుపు బస్తాలకు లోపల ప్లాస్టిక్ సంచులు వేయించాను. పసుపు మోసిన హమాలీలు బట్టను తాకకూడదన్నాను. కోరుట్లలో పసుపు ఎక్కించి, రుద్రంగి మీదుగా సిరిసిల్ల పోయి, అక్కడ వేరే హమాలీలతో బట్ట ఎక్కించే ఏర్పాటు చేశాను. కాకా ప్రతి ముడినీ చేత్తో లాగి చూసి, తాను కూడా బాలోత్రా దాకా వస్తానన్నాడు.

ఇక డ్రైవరు. ఇబ్రహీంపట్నం గంగరాజం అప్పటికి రెండు నెలలుగా నా లారీ నడుపుతున్నాడు. అంతకుముందు సౌదీలో ట్రెయిలర్ తోలాడు. కంపెనీ మూతపడి, నెలల జీతం అక్కడే వదిలేసి, వట్టి చేతులతో వచ్చాడు. పోవడానికి చేసిన అప్పు అలాగే ఉంది. దాన్ని తీర్చడానికి మళ్లీ పోవాలని ఇంకో ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేశాడు. వీసా వచ్చేలోపు ఊరికే ఉండలేక నా దగ్గర చేరాడు. ఎడారి రోడ్డు అనగానే తల పంకించాడు.

"ఎడారిల బండి నడపొచ్చక్కా. ఎండ మీద పంతానికి పోవద్దు గంతే," అన్నాడు.

నేను కూడా పోవాలనుకున్నాను. ఫోన్లో సగం అర్థమైన సేటుతో ఎదురుగా మాట్లాడితేనే ప్రతి నెలా నడిచే ఒప్పందం కుదురుతుంది. లారీలో ఆడమనిషి రాజస్థాన్ పోవడమేమిటని మా అత్త రెండు రోజులు మాట్లాడలేదు. మస్కట్ నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు భయపడుతూనే చెప్పాను. ఆయన, "నేను ఇన్నేండ్ల సంది సూస్తనే ఉన్న ఎడారి. నువ్వు గూడ ఒక్కసారి సూసి రా," అన్నాడు. మా చిన్న బిడ్డను అత్త దగ్గర వదిలి బయలుదేరాను.

నాందేడ్, ఔరంగాబాద్, ధూలే, సూరత్, అహ్మదాబాద్. క్యాబిన్‌లో గంగరాజం, రెండో డ్రైవరు నర్సయ్య, సత్తయ్య కాకా, నేను. అప్పటిదాకా ఆ ఊళ్లు నాకు బిల్లుల మీద రాసే పేర్లు మాత్రమే. ఏ ఘాట్ రోడ్డు దగ్గర బండి ఎంత నెమ్మదిస్తుందో, ఏ చెక్‌పోస్టు దగ్గర ఎంతసేపు నిలబడాలో మొదటిసారి ఒంటికి తెలిసింది. ఆఫీసులో కూర్చుని 'ఇంకా చేరలేదా' అని డ్రైవర్లను నేనెన్నిసార్లు గదమాయించానో అప్పుడు గుర్తొచ్చింది.

పాలన్‌పూర్ దాటాక గంగరాజం పద్ధతి మార్చాడు. తెల్లవారకముందే బయలుదేరి, ఎండ నడినెత్తికి రాకముందే ఏ చెట్టు కిందో, పెట్రోలు బంకు రేకుల కిందో ఆపేసేవాడు. వేడికి టైర్లలో గాలి దానంతటదే పెరుగుతుంది. అది చూసి గాలి తీసేస్తే తర్వాత టైరు ఇంకా కాగి పగులుతుందని, నీడలో చల్లారనివ్వడమే మందని చెప్పాడు. ఆగిన ప్రతిచోటా ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపేవాడు. ఇంజనుకు గాలిని వడకట్టి ఇచ్చేది అదే. అందులో దుమ్ము నిండితే బండి డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఇలా ఆగే వేళలన్నిటికీ నేను ముందే సమయం లెక్కగట్టి పెట్టుకున్నాను గనుక కంగారు పడలేదు.

బాలోత్రాలో బేళ్లు దించేటప్పుడు సత్తయ్య కాకా లారీ వెనకే నిలబడ్డాడు. ప్రాసెస్ హౌస్ మనిషి బేళ్లు విప్పించి బట్టను ఎండలోకి తెచ్చి చూశాడు. ఒక్క పసుపు చుక్క లేదు. నేత గట్టిగా ఉందని, వచ్చే నెల సరుకు ఎప్పుడొస్తుందని అడిగాడు. ఆ ప్రశ్న విని కాకా నా వైపు తిరిగాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. లెక్కలు మాట్లాడుకోవడానికి ఆయన అక్కడే ఉండిపోయి రైల్లో వస్తానన్నాడు. మేం ముగ్గురం పసుపుతో ముందుకు కదిలాం.

బాలోత్రా దాటాక చెట్లు పొట్టివయ్యాయి, ఆ తర్వాత పొదలయ్యాయి. ఇసుక ఎర్రగా, మెత్తగా, గాలి గీసిన గీతలతో రోడ్డు అంచు దాకా వచ్చి నిలబడి ఉంది. బార్మేర్ చేరేసరికి గాలి లేచింది. అక్కడి నుంచి మండీకి రెండు దారులు. ఒకటి ఇసుక దిబ్బల నడుమ నుంచి తిన్నగా పోతుంది. సాయంత్రంలోపు చేర్చేది అదే. నా ప్రణాళికలో రాసుకున్నది కూడా అదే. రెండోది గుట్టల వెంట, రాతి నేల మీద చుట్టూ తిరిగి పోతుంది. ఆ దారిన పోతే చేరేది మరుసటి రోజే.

గంగరాజం దిగి, గుప్పెడు ఇసుక తీసి గాలిలోకి వదిలి చూశాడు. అది రోడ్డుకు అడ్డంగా కొట్టుకుపోయింది.

"గాలి పక్కకెల్లి కొడుతుందక్కా. ఇసుక రోడ్డు మీద పేరుకుంటది," అన్నాడు. కొంచెం ఆగి, "సౌదీల అయితే గిట్లనే పోయేటోళ్లం," అని కూడా అన్నాడు.

"మరి అక్కడ బండ్లు కూరుకపోతుండెనా?" అని అడిగాను.

"ఇసుక తీసే మిషన్లుంటయి. పొద్దుగాల్నే వచ్చి రోడ్డు సాఫ్ చేస్తయి."

"ఇక్కడెవరు తీస్తరు తమ్మీ?"

పక్కనే టీ కొట్టు నడిపే ఆమెను అడిగాను. గాలి ఆగాక ఎప్పుడో మనుషులు పారలతో వస్తారని, అప్పటిదాకా బస్సు కూడా ఆగిపోతుందని చెప్పింది. అక్కడే నిలబడి ఆలోచించాను. తిన్నని దారిన పోతే జీలకర్ర దొరకవచ్చు. కూరుకుపోతే పసుపూ పోతుంది, లారీ ఎన్ని రోజులు నిలబడుతుందో తెలియదు. చుట్టు దారిన పోతే బండి భద్రం, కానీ రిటర్న్ లోడు చేజారవచ్చు. రిటర్న్ లోడు లేకపోతే ఈ దారికి అర్థమే లేదు. సత్తయ్య కాకా ఆసాములందరికీ నేను చెప్పిన కిరాయి అబద్ధమైపోతుంది.

సేటుకు ఫోన్ చేశాను. చుట్టు దారిన వస్తున్నాం, రేపు పొద్దున చేరతాం అన్నాను. కుదరదన్నాడు. మాట మాటేనన్నాడు. జీలకర్ర కోసం వేరే లారీ ఒకటి ఆ తిన్నని దారినే బయలుదేరిందనీ, సాయంత్రానికి వచ్చేస్తుందనీ అన్నాడు.

అప్పుడు నేను నా విరిగిన హిందీలోనే నెమ్మదిగా చెప్పాను. సేటుగారూ, నా లారీలో ఉన్నది నా సరుకు కాదు, మీ పసుపు. నేను తొందరపడితే ఇసుకలో ఉండిపోయేది మీ పసుపే. ఈ ఒక్క లోడు కోసం నేను రాలేదు. ప్రతి నెలా వద్దామని వచ్చాను. ప్రతి నెలా వచ్చే లారీ మీ సరుకును పందెం కాయాలా, కాపాడాలా? ఈ మాట మీరే చెప్పండి.

సేటు, సరే, రేపు పొద్దున మండీ తెరిచేసరికి లారీ గేటు ముందుండాలి అని ఫోన్ పెట్టేశాడు.

గంగరాజం స్టీరింగును గుట్టల వైపు తిప్పాడు. చీకటి పడే వేళకు ఒక ధాబా దగ్గర ఆగి, వెలుతురు రాగానే బయలుదేరాం. మేం చేరేసరికి మండీ గేటు అప్పుడే తెరుస్తున్నారు. సేటు చెప్పిన ఆ వేరే లారీ రాలేదు. ఇసుకలో ముందరి చక్రాలు దిగబడి సగం దారిలో ఉండిపోయిందని అక్కడి హమాలీలు చెప్పుకుంటున్నారు. సేటు పసుపు బస్తా ఒకటి కోసి, కొమ్మును విరిచి చూసి, వాసన పీల్చి లోపల పెట్టించమన్నాడు. జీలకర్ర ఎత్తడం మొదలయ్యాక మజ్జిగ తెప్పించి నా ముందు పెట్టి, మీ ఆయన మిమ్మల్ని ఒంటరిగా ఎలా పంపాడని అడిగాడు. ఆయన కూడా ఎడారిలోనే, మస్కట్‌లో ఉన్నాడు, అక్కడి నుంచి నాతో రావడానికి ఎక్కే లారీ లేదు అన్నాను. సేటు నవ్వలేదు. తన తమ్ముడు కూడా అలాగే దుబాయిలో ఉన్నాడని చెప్పి, వచ్చే నెలకు ఎన్ని బస్తాల పసుపు కావాలో అక్కడికక్కడే చెప్పేశాడు.

జీలకర్ర వాసనతో క్యాబిన్ నిండిపోయింది. నిజామాబాద్‌లో దించేదాకా ఆ వాసన నా చీరను వదల్లేదు. ఇంటికి వచ్చి డీజిల్, డ్రైవర్ల భత్యం, చెక్‌పోస్టులు, ఫైనాన్స్ కిస్తీ అన్నీ తీసేసి చూసుకున్నాను. మిగిలింది. పెద్ద లాభమేమీ కాదు. కానీ రెండు దిక్కుల కిరాయి అడగకుండా, ఒక దిక్కు కిరాయికే సిరిసిల్ల బట్టను ఎడారికి చేర్చి, ఇంకా మిగిల్చుకున్నాను. ఆ సాయంత్రం ఆఫీసు తలుపు మూసుకుని, నా లెక్క తప్పలేదన్న సంతోషంతో ఒక్కదాన్నే చాలాసేపు కూర్చున్నాను.

రెండో ట్రిప్పు ముందర గంగరాజం రాలేదు. ఫోన్ ఎత్తలేదు. వీసా వచ్చి ఉంటుందనుకుని వేరే డ్రైవరును వెతకడం మొదలుపెట్టాను. మరునాడు మధ్యాహ్నం వచ్చాడు. జగిత్యాల పోయి ఏజెంటు దగ్గర నుంచి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాడట. ఇవ్వనంటే దుకాణం ముందే రోజంతా కూర్చున్నాడట.

"గీ తొవ్వ నడిచేదాక నన్ను తీయకక్కా," అన్నాడు.

మా దగ్గర దారిని తొవ్వ అంటారు. తీయనని చెప్పాను. తీయలేదు.

ఆ దారి చాలా ఏళ్లు నడిచింది. జీలకర్ర లేని నెలల్లో ఆవాలు, మెంతులు తెచ్చాం. ఒక లారీ రెండయింది. సత్తయ్య కాకా గల్లీలో అన్ని తాళాలూ తీశారని చెప్పలేను. భీవండి పోయినవాళ్లలో రెండు కుటుంబాలే తిరిగి వచ్చాయి. మిగతావాళ్లు అక్కడే పిల్లల్ని బడిలో వేసుకున్నారు. కాకా సాంచాలు మాత్రం ఆ కష్టకాలం దాటేదాకా ఆగలేదు. మా ఆయన కొన్నేళ్లకు మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేసి, ఇప్పుడు లోడింగు చూసుకుంటున్నాడు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నా దగ్గరకు వచ్చి లారీ కొంటామంటారు. ఎక్కడికి తిప్పుతారో వివరంగా చెబుతారు. ఎక్కడి నుంచి ఏం తెస్తారో చెప్పరు. నాకు ఆ ప్రయాణం నేర్పింది ఇదే. దారి వేయాలంటే మ్యాపు కంటే ముందు మనుషులను చూడాలి. ఎవరి దగ్గర ఏముంది, ఎవరికి ఏది లేదు అని అడగాలి. ఆ తర్వాత గాలి ఎటు వీస్తుందో చూసుకుని, తొందరపడకుండా పోవాలి. దగ్గరి దారి ఎప్పుడూ లాభం దారి కాదు.

ఇప్పుడు సాంచోర్, బాలోత్రా, బార్మేర్‌ల ఆ త్రికోణంలో వేరే ఆఫీసుల లారీలు కూడా తిరుగుతున్నాయి, నాకంటే తక్కువ కిరాయికి. మా కోరుట్లలోనే ముగ్గురున్నారు. అప్పుడు నవ్వినవాళ్లలో ఒకాయన కూడా వాళ్లలో ఉన్నాడు. నాకేమీ బాధ లేదు. వాళ్ల లారీలు బాలోత్రా దాటి బార్మేర్ వైపు తిరిగే ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది, ఆ తొవ్వ మొదట వేసింది నేనే.